ఆర్వో నీళ్లు తాగిన ఇళ్లలోనే పసిరికలు (కామెర్లు): ఒక అపార్ట్‌మెంట్ కేసు

నేపథ్యం

ఈ కేసు హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌ది. 2 బ్లాకులు, 60 ఫ్లాట్లు, 214 మంది. పేట పేరూ సంవత్సరమూ వదిలేశాం, రోగుల వయసులు ఒకటి రెండేళ్లు అటూ ఇటూ చేశాం. రోజుల లెక్కను మాత్రం ముట్టుకోలేదు. ఈ కేసులో సాక్ష్యం చాలావరకు అందులోనే ఉంది.

ముందు నీళ్ల ఏర్పాటు చెప్పాలి. సెల్లార్‌లో 2 సంపులున్నాయి. పెద్దది 60,000 లీటర్లది. జలమండలి నీళ్లు, అవి చాలనప్పుడు ట్యాంకర్ నీళ్లు అందులో పడి, పై ట్యాంకుల మీదుగా కుళాయిలకు వెళ్తాయి. రెండోది 5,000 లీటర్ల చిన్న సంపు. అందులో ఉండేవి బోరు నీళ్లు, అవి కూడా అసోసియేషన్ పెట్టించుకున్న ఆర్వో ప్లాంటు కోసమే. ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు 39 ఫ్లాట్లకు చేరతాయి. మిగతా 21 ఫ్లాట్లలో సొంత ప్యూరిఫయరో, బయటి నుంచి తెప్పించుకునే క్యాన్లో ఉన్నాయి.

వానాకాలంలో ఒక రాత్రి కుండపోతగా పడింది. రోడ్డు మీది డ్రైనేజీ నిండి, సెల్లార్‌లోని చాంబర్ ఎదురుతన్నింది. సుమారు 2 గంటలు మురుగు పొంగింది. పొద్దున్నే మోటార్లు పెట్టి తోడేశారు, ఫినాయిల్ వేసి కడిగారు. చిన్న సంపు మూత నేలకంటే అడుగు ఎత్తులో ఉంది కాబట్టి లోపలికి మురుగు పోలేదని అందరూ అనుకున్నారు. ఆ రాత్రిని 0వ రోజుగా తీసుకుందాం.

సమస్య బయటపడిన తీరు

19వ రోజున 26 ఏళ్ల యువకుడికి జ్వరం, వికారం. అన్నం చూస్తేనే కడుపులో తిప్పడం. దగ్గరి క్లినిక్‌లో వైడాల్ పరీక్ష పాజిటివ్ అని టైఫాయిడ్ మందులు మొదలుపెట్టారు. 5 రోజుల తర్వాత మూత్రం ఆవనూనె రంగుకు తిరిగింది, కళ్లు పచ్చబడ్డాయి. కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 2,340, కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్ 7.8. ఒక్కసారి చేసిన వైడాల్‌కు మన దగ్గర పెద్దగా విలువ లేదు. పాత ఇన్‌ఫెక్షన్ల యాంటీబాడీలు చాలామందిలో మిగిలే ఉంటాయి.

29వ రోజున అసోసియేషన్ కారణం వెతకడానికి మా బృందాన్ని పిలిచేసరికి కామెర్లవాళ్లు 9 మంది అయ్యారు. వాన రాత్రి సంగతి అప్పుడు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. గత వారం ఏం జరిగిందని అడిగాం గానీ, గత 2 నెలల్లో అని అడగాల్సింది.

మొదటి నిర్ణయం: ఏ వైరస్ అని తేలకముందే ఏం చెప్పాలి?

ఒకే భవనంలో ఇంతమందికి కామెర్లంటే ముందు అనుమానించాల్సింది నోటి ద్వారా వచ్చే రెండు వైరస్‌లను, హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ. మన దేశంలో పెద్దవాళ్లను గుంపుగా పట్టే నీటి కామెర్లు చాలాసార్లు ‘ఇ’వే. భవనంలో ఇద్దరు గర్భిణులున్నారు. ‘ఇ’ అయితే చివరి 3 నెలల్లో ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి రావచ్చు. అందుకే రక్త పరీక్షల ఫలితం కోసం ఆగకుండా ఆ సాయంత్రమే 60 ఫ్లాట్లకూ ఒకే మాట చెప్పాం: తాగే నీళ్లు, పళ్లు తోముకునే నీళ్లు, పచ్చిగా తినే కూరగాయలు కడిగే నీళ్లు ఏవైనా సరే, తెర్లే దాకా కాచి, ఒక నిమిషం అలాగే ఉంచి వాడండి. హెపటైటిస్ ఎ వైరస్‌ను 60 డిగ్రీల వేడి గంటసేపు పెట్టినా పూర్తిగా చంపకపోవచ్చు. 85 డిగ్రీల దగ్గర నిమిషంలో చస్తుంది. గోరువెచ్చగా చేసి తాగితే లాభం లేనిది ఇందుకే.

ఆరుగురి రక్తం పంపితే ఆరుగురికీ హెపటైటిస్ ఎ ఐజీఎం (కొత్తగా సోకిందని చెప్పే యాంటీబాడీ) పాజిటివ్, ‘ఇ’ నెగటివ్. గర్భిణుల విషయంలో కొంత ఊపిరి పీల్చుకున్నాం.

ఒళ్లు దీంతో ఎలా పోరాడుతుందో ఇక్కడే చెప్పాలి, తర్వాతి నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. వైరస్ నోటి ద్వారా పేగులోకి, అక్కడి నుంచి కాలేయంలోకి చేరుతుంది. కాలేయ కణంలో పెరుగుతుంది గానీ కణాన్ని తానుగా పగలగొట్టదు. కణం లోపలి ప్రమాద హెచ్చరికలను తొక్కిపెట్టి, వైరస్‌ను అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్‌ను పెద్దగా పుట్టనివ్వకుండా, 3, 4 వారాలు చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. పిత్తంతో కలిసి మలంలోకి దిగుతుంది. ఆ తర్వాత రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు గుర్తుపట్టి, వైరస్ ఉన్న కాలేయ కణాలను చంపడం మొదలుపెడతాయి. ఎస్‌జీపీటీ వేలల్లోకి ఎగబాకేదీ, కళ్లు పచ్చబడేదీ అప్పుడే. అంటే కామెర్లు కనిపించేసరికి యుద్ధం సగం అయిపోయినట్టే. మలంలో వైరస్ అతి ఎక్కువగా ఉండేది కామెర్లకు ముందు 2 వారాల్లో. కామెర్లు వచ్చిన వారం తర్వాత అంటించే శక్తి చాలావరకు పోతుంది. కళ్లు పచ్చబడినవాళ్లను విడిగా కూర్చోబెట్టి వ్యాధిని ఆపుదామనుకుంటే, అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది.

6 ఏళ్లలోపు పిల్లల్లో పదింట ఏడుగురికి ఏ లక్షణమూ ఉండదు. పెద్దవాళ్లలో ఎక్కువమందికి కామెర్లు వస్తాయి. ఒకసారి వచ్చి తగ్గితే ఐజీజీ యాంటీబాడీలు జీవితాంతం కాపలా ఉంటాయి.

చికిత్స గురించి నాలుగు మాటలు

హెపటైటిస్ ఎ వైరస్‌ను చంపే మందు లేదు, అవసరమూ చాలా అరుదు. చేయాల్సింది కాలేయం మీద అదనపు బరువు పెట్టకపోవడం. మొదటి రోగి రోజుకు 5 పారాసెటమాల్ 650లు, అంటే 3.25 గ్రాములు మింగుతున్నాడు. దాన్ని ఆపించాం. తప్పనిసరైతే రోజు మొత్తానికి 2 గ్రాములు దాటొద్దన్నాం. నూనె మానేసి చెరుకురసం, గ్లూకోజు మీద బతకాల్సిన పని లేదు. నోటికి సయించింది ఏదైనా తినొచ్చు.

ఒక 31 ఏళ్ల ఆవిడ పసరు మందు తాగింది. ఇంట్లోవాళ్లు ‘పసిరికలకు అదే మందు’ అన్నారు. 4 రోజులకు బిలిరుబిన్ 14కు చేరింది. మమ్మల్ని కంగారు పెట్టింది అది కాదు, రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐఎన్ఆర్ 1.9కి పెరగడం. రాత్రంతా మెలకువగా ఉండి పగలు మత్తుగా పడుకుంటోందని భర్త చెప్పాడు. మెదడు మీద ప్రభావం మొదలవుతోందనడానికి ఇది తొలి గుర్తు. ఆ గంటలోనే కాలేయ విభాగం ఉన్న ఆసుపత్రికి పంపాం. 9 రోజుల్లో ఇంటికొచ్చింది. కామెర్లలో బిలిరుబిన్ అంకె అందరినీ భయపెడుతుంది, కానీ అసలు చూడాల్సినవి ఐఎన్ఆర్, నిద్ర, మాట తీరు.

తప్పు దారులు

మొదట నింద పడింది గేటు బయటి పానీపూరీ బండి మీద. మొదటి నలుగురు రోగులూ అక్కడ తినేవాళ్లే. మేం వెళ్లేసరికే బండి తీయించేశారు. పానీపూరీతో హెపటైటిస్ ఎ రాదని కాదు, రావచ్చు. కానీ రోగులను మాత్రమే అడిగితే ఏదైనా నేరస్తుడిలాగే కనిపిస్తుంది. బాగున్నవాళ్లనూ అదే ప్రశ్న అడగాలి.

రెండోది బ్లీచింగ్. అసోసియేషన్ పెద్ద సంపులో రెండుసార్లు బ్లీచింగ్ పౌడర్ వేయించింది. చిన్న సంపులో వేయలేదు. క్లోరిన్ తగిలితే ఆర్వో మెంబ్రేన్ పాడైపోతుందని ప్లాంటు మెకానిక్ చెప్పాడు. అతను చెప్పింది నిజమే. క్లోరిన్ ఆ పొరను తినేస్తుంది. కానీ దాని ఫలితం, మందు వేయాల్సిన చోట తప్ప మిగతా అన్నిచోట్లా పడింది.

మూడోది నీళ్ల పరీక్ష. 30వ రోజున పెద్ద సంపు, చిన్న సంపు, ప్లాంటు కుళాయి, మూడుచోట్ల నీళ్లు తీసి పంపాం. మూడింటిలోనూ మురుగు కలిసిందనడానికి గుర్తుగా చూసే కోలిఫారం బాక్టీరియా లేదు. అసోసియేషన్ వాళ్లు ఆ కాగితాన్ని లిఫ్టులో అంటించారు. హెపటైటిస్ ఎ శరీరంలో దాగి ఉండే కాలం 15 నుంచి 50 రోజులు, సగటున 28. 30వ రోజున తీసిన నీళ్లు, 0వ రోజున ఏం తాగారో చెప్పలేవు. పైగా కోలిఫారం లేదంటే వైరస్ లేదని అర్థం కాదు, బాక్టీరియాకంటే ఈ వైరస్‌లు క్లోరిన్‌కు మొండివి. 1955 డిసెంబరు, 1956 జనవరి నెలల్లో ఢిల్లీలో ఇదే జరిగింది. యమున నీళ్లలో మురుగు కలిసిందని తెలిసి క్లోరిన్ పెంచారు. టైఫాయిడ్ పెరగలేదు గానీ సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్ ఇ అని తర్వాత తేలింది.

నాలుగోది వినడానికి అన్నిటికంటే బలమైన వాదన. సెక్రటరీ గారు ఇలా అన్నారు: “మా నాన్నగారికి 74 ఏళ్లు సార్, ప్లాంటు నీళ్లే తాగుతారు. వాచ్‌మన్ ఇంటివాళ్లు నలుగురూ అవే తాగుతారు. వాళ్లకేం కాలేదు. నీళ్లలోనే ఉంటే ముందు ముసలాయనకు కదా రావాలి?” ఈ వాదనకు ఒక పూట మేమూ తలూపాం. తర్వాత వయసుల పట్టిక వేస్తే, రోగులంతా 10 నుంచి 40 ఏళ్ల మధ్యవాళ్లే. 50 దాటినవాళ్లు ఒక్కరూ లేరు. ఒక తరం కిందట మన దగ్గర దాదాపు అందరికీ ఈ వైరస్ చిన్నతనంలోనే, తెలియకుండానే సోకిపోయేది. వాచ్‌మన్ కుటుంబం పెరిగిన ఊళ్లోనూ అంతే. వాళ్ల రక్తంలో ఐజీజీ ఉంది. అదే నీళ్లు తాగినా వైరస్ కాలేయం దాకా చేరలేదు. శుభ్రమైన ఇళ్లలో, ఫిల్టర్ నీళ్లతో పెరిగిన ఈ తరానికే ఆ కాపలా లేదు. జబ్బు పడనివాళ్లను చూసి నీళ్లను నిర్దోషి అనడం కుదరదు.

ప్రశ్న మార్చాక దొరికిన జవాబు

ఇంటింటి సర్వేలో మొదట “ఏ నీళ్లు తాగుతారు?” అని అడిగితే అన్ని ఫ్లాట్లవాళ్లూ “ఫిల్టర్ నీళ్లు” అన్నారు. ఆ మాటకు ఒక్కో ఇంట్లో ఒక్కో అర్థం. ప్రశ్న మార్చాం: “మీ ఇంట్లో క్యాన్ ఉందా? ఎవరు తెచ్చిస్తారు? మూత ఏ రంగు?” ప్లాంటు క్యాన్లకు ఆకుపచ్చ మూతలు. అప్పుడు లెక్క తేలింది.

10–40 ఏళ్లవాళ్లు 112 మంది. మొదటి విడత రోగులు చివరికి 17 మంది అయ్యారు. పానీపూరీ తినే 80 మందిలో 12 మందికి, తినని 32 మందిలో 5 మందికి కామెర్లు: అటూ ఇటూ 15 శాతమే. ప్లాంటు నీళ్ల ఇళ్లలోని 70 మందిలో 16 మందికి, మిగతా ఇళ్ల 42 మందిలో ఒక్కరికి. ఆ ఒక్క కుర్రాడు రోజూ జిమ్‌కు వెళ్తాడు. జిమ్‌లోని కూలర్‌కు వచ్చేవీ ప్లాంటు నీళ్లే.

రోగుల జ్వరం మొదలైన రోజులు గీస్తే 19 నుంచి 47వ రోజు వరకు, శిఖరం 26–31 మధ్య. శిఖరం నుంచి 28 రోజులు వెనక్కి లెక్కపెట్టి, “ఆ వారంలో భవనంలో ఏం జరిగింది?” అని అడిగితే అప్పుడు వాన రాత్రి బయటికొచ్చింది.

33వ రోజున ప్లాంటు మూయించాం. తర్వాత చిన్న సంపు ఖాళీ చేయించి, గోడలు ఆరబెట్టి, 1.5 మీటర్ల దూరంలో ఉన్న డ్రైనేజీ చాంబర్ బయటి దారి మూసి, పచ్చ ఫ్లోరోసిన్ రంగు కలిపిన నీళ్లతో దాన్ని అంచు దాకా నింపాం. 40 నిమిషాలకు బోరు పైపు గోడలోంచి లోపలికి వచ్చే చోట ఆకుపచ్చ చార దిగింది. పైపు చుట్టూ సిమెంటు వదులైపోయింది. చాంబర్ మట్టం మామూలుగా ఆ పైపుకు కిందే ఉంటుంది, ఎదురుతన్నినప్పుడే పైకొస్తుంది. పొడి రోజున నీళ్లు తీస్తే శుభ్రంగా రావడంలో వింతేమీ లేదు. మూత ఎత్తులో ఉందా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు.

సరే, సంపులోకి మురుగు వచ్చింది. మెంబ్రేన్ దాటి ఎలా వెళ్లింది? బాగున్న ఆర్వో పొర వైరస్‌ను వదలదు. ఇక్కడ నీళ్లలోని లవణాలను కొలిచే టీడీఎస్ మీటరే చెప్పింది. బోరు నీళ్ల టీడీఎస్ 720. మెంబ్రేన్ నుంచి నేరుగా వచ్చే నీళ్లది 25. క్యాన్లలో పట్టే కుళాయి దగ్గర 140. మరీ చప్పగా ఉన్నాయని కొందరు అంటే, రుచి కోసం మిక్సింగ్ వాల్వు తిప్పి, మెంబ్రేన్‌కు వెళ్లని బోరు నీళ్లను శుద్ధి నీళ్లలో కలుపుతున్నారు. 25కూ 720కీ మధ్య 140 రావాలంటే కలపాల్సింది 16.5 శాతం. అంటే తాగే ప్రతి 6 గ్లాసుల్లో ఒకటి బోరు నీళ్లే. అవి కార్బన్ ఫిల్టర్ దాటాక కలుస్తాయి కాబట్టి, సంపులో ఎవరైనా క్లోరిన్ వేసినా ఆ ఫిల్టర్ దాన్ని పీల్చేసేది.

చివరి కాపలా యూవీ (అతినీలలోహిత కిరణాల) దీపం. నీలంగా వెలుగుతూనే ఉంది. కానీ ఈ దీపాలకు సుమారు 9,000 గంటలే ఆయుష్షు. ఆ తర్వాత కంటికి వెలుగు కనిపిస్తుంది గానీ సూక్ష్మజీవులను చంపే కిరణాలు తగ్గిపోతాయి. మార్చిన తేదీ ఎక్కడా రాసి లేదు. దీపం చుట్టూ ఉండే గాజు గొట్టం మీద ఉప్పు నీళ్ల తెల్లపొర మందంగా పేరుకుంది. మెకానిక్ నెలనెలా వచ్చి టీడీఎస్ 140 అని రాసి, సంతకం పెట్టి వెళ్లేవాడు. టీడీఎస్ నీళ్లలోని లవణాల లెక్క చెబుతుంది. క్రిముల గురించి అది ఒక్క ముక్కా చెప్పదు.

సరిచేసినది

సెల్లార్ సంపును వాడకంలోంచి పూర్తిగా తీసేశాం. పైపు చుట్టూ సీల్ చేస్తే చాలదా అని అడిగారు. మళ్లీ ఎప్పుడు వదులవుతుందో ఎవరికీ కనిపించదు, అందుకని ఒప్పుకోలేదు. నేల మీద స్టాండు కట్టి ప్లాస్టిక్ ట్యాంకు పెట్టారు. డ్రైనేజీ బయటికి వెళ్లే పైపుకు నాన్ రిటర్న్ వాల్వు వేశారు. మిక్సింగ్ పైపును కోసేసి డమ్మీ కొట్టారు. యూవీ దీపం మార్చి, తేదీ పెయింటుతో రాశారు. గాజు గొట్టాన్ని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి తుడిచారు.

శుద్ధి నీళ్లు నిలిచే 1,000 లీటర్ల ట్యాంకుకు మెంబ్రేన్‌ను వేరుచేసి 50 పీపీఎం (లీటరుకు 50 మిల్లీగ్రాముల) క్లోరిన్ పట్టించాం. లెక్క: 50 గ్రాముల క్లోరిన్ కావాలి. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో 33 శాతం దాకా ఉంటుంది గానీ తెరిచిన సంచిలో వేగంగా తగ్గుతుంది. మేం 25 శాతమని తీసుకున్నాం, కాబట్టి 200 గ్రాములు. పొడిని నేరుగా చల్లితే అడుగున సున్నం పేరుకుంటుంది. బకెట్‌లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, తేరిన నీటినే ట్యాంకులో పోయాలి. రాత్రంతా ఉంచి, కుళాయిల్లో, కూలర్‌లో ఆ నీళ్లే పారించి, పొద్దున్నే వదిలేసి, రెండుసార్లు కడిగించాం. క్యాన్లకూ ఇదే పద్ధతి. కుళాయి నీళ్లకు విడిగా ఒక నియమం పెట్టాం: మందు వేసిన 30 నిమిషాల తర్వాత క్లోరిన్ కొలిచే డీపీడీ కిట్‌తో చూస్తే మిగులు క్లోరిన్ 0.5 పీపీఎం ఉండాలి, పీహెచ్ 8 దాటకూడదు. ఎన్ని గ్రాములు వేశామన్నది రిజిస్టర్‌లో రాయనక్కర్లేదు, ఎంత మిగిలిందో రాయాలి.

ప్లాంటు మూశాక కూడా కేసులు వస్తూనే ఉన్నాయి. ఇది ముందే తెలుసు కాబట్టి, మూసిన రోజే వాట్సాప్ గ్రూపులో పెట్టించాం: “33కు 50 కలిపితే 83. అప్పటిదాకా కొత్త కేసులు రావచ్చు, అవి పాత నీళ్లవి.” 41వ రోజున ఒకేసారి ముగ్గురికి జ్వరం రాగానే “మూసి ఏం లాభం?” అన్నవాళ్లకు ఎవరో ఆ సందేశాన్నే తిరిగి పంపారు.

టీకా, రెండో విడత

వైరస్ తగిలిన 14 రోజుల్లోపు టీకా వేస్తే చాలావరకు ఆపవచ్చు. వాన రాత్రి తాగినవాళ్లకు ఆ గడువు ఎప్పుడో దాటింది. అయినా టీకా ఎందుకంటే, రోగుల ఇళ్లలో వైరస్ చేతుల ద్వారా ఇంకా తిరుగుతోంది. ఆ సోకుడుకు గడువు ఇంకా ఉంది. ముందు యాంటీబాడీ పరీక్ష చేసి లేనివాళ్లకే వేద్దామా అన్న చర్చ వచ్చింది. 40 దాటినవాళ్లకైతే అది అర్థవంతం. 40లోపువాళ్లకు పరీక్ష ఖర్చూ 2 రోజుల ఆలస్యమూ అనవసరం అనిపించి, ఏడాది నిండిన పిల్లల నుంచి 40 ఏళ్ల వరకు నేరుగా ఇన్‌యాక్టివేటెడ్ (చంపిన వైరస్‌తో చేసిన) టీకా వేయమన్నాం. 40వ రోజుకల్లా 83 మంది వేయించుకున్నారు. కొందరు “మేం ప్లాంటు నీళ్లు తాగం కదా” అని వాయిదా వేశారు.

58 నుంచి 71వ రోజు మధ్య మరో నలుగురికి కామెర్లు వచ్చాయి. నలుగురూ టీకా వాయిదా వేసినవాళ్లే. వాళ్లలో ముగ్గురి ఇళ్లలో ఆకుపచ్చ మూత క్యానే లేదు. నలుగురినీ కలిపేది ఒకటే: పిల్లలు బీ బ్లాకు గ్రౌండ్ ఫ్లోర్‌లోని డే కేర్‌కు వెళ్తారు. 11 మంది పిల్లల్లో తల్లిదండ్రులు ఒప్పుకున్న ఐదుగురికి పరీక్ష చేస్తే ముగ్గురికి ఐజీఎం పాజిటివ్. ముగ్గురూ చెంగుచెంగున ఆడుకుంటున్నారు. ఒకరికి మాత్రం ఎప్పుడో 2 రోజులు వాంతులయ్యాయట. డైపర్ మార్చే బల్ల, ఆయా చేతులు, మరో పిల్ల, ఆ పిల్ల తల్లి: దారి ఇది.

డే కేర్ మూసేయమని ఒత్తిడి వచ్చింది. మూస్తే ఆ పిల్లలు మర్నాడే పక్క వీధిలోని మరో డే కేర్‌లో చేరతారు, వైరస్‌ను అక్కడికి మనమే పంపినట్టవుతుంది. అందుకే కొత్త పిల్లలను చేర్చుకోకుండా, ఉన్నవాళ్లతో నడవనిచ్చాం. పిల్లలకూ ఆయాలకూ టీకా. డైపర్ మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగడం. ఈ వైరస్‌కు కొవ్వు పొర లేదు, ఆల్కహాల్ శానిటైజర్‌ను నమ్ముకోకూడదు. బల్లను ముందు తుడిచి, తర్వాత 5 శాతం హైపోక్లోరైట్ (క్లోరిన్ ద్రావణం) 1 వంతుకు 49 వంతుల నీళ్లు కలిపిన ద్రావణం, అంటే 1,000 పీపీఎం, రాసి 10 నిమిషాలు ఆగడం.

మళ్లీ ఇలాంటిది వస్తే

డే కేర్ సంగతి 29వ రోజునే అడగాల్సింది. 5 ఏళ్లలోపు పిల్లలు ఎక్కడ గుమికూడతారన్న ప్రశ్న మా ఫారంలో లేదు, ఇప్పుడు మొదటి పేజీలో ఉంది. ప్లాంటు నీళ్లలో వైరస్ జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష చేయించలేదు. 33వ రోజున దొరికే అవకాశం తక్కువే, కానీ నిల్వ ట్యాంకు అడుగు మడ్డి తీసి ఉంచాల్సింది. అందువల్ల నీళ్ల మీది ఆరోపణకు ఆధారాలు లెక్కలు, రంగు నీళ్లు, మీటరు అంకెలు, ఇవి మూడే. రెండో విడతలోని నాలుగో రోగి విషయంలో నీళ్లా, పిల్లలా అన్నది తేల్చలేకపోయాం: ఆ ఇంట్లో క్యానూ ఉంది, డే కేర్ పిల్లా ఉంది, 83వ రోజు ఇంకా రాలేదు.

71వ రోజు తర్వాత కొత్త కేసు లేదు. 121వ రోజు దాకా, అంటే చివరి రోగి నుంచి పూర్తి 50 రోజులు, ఎదురుచూసి ఫైలు మూశాం. పానీపూరీ బండి కుర్రాడిని తిరిగి రానివ్వమని రాతపూర్వకంగా చెప్పాం. 2 నెలలు ఆలస్యంగా వచ్చాడు, కాకపోతే గేటుకు ఎదురుగా కాదు, రోడ్డు అవతల.